పుస్తకం కంటే ముందు టీకా, కోటు, ఎముకలు

నెల్లూరు, ఒంగోలు మెడికల్ కాలేజీల్లో చేరుతున్న పిలకాయల ఇళ్ల నుంచే ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. కాస్త అటూ ఇటూగా ఒకే సంగతి అడిగినవి కలిపేశాం.

మా పాపకు నెల్లూరు ఏసీఎస్‌ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటొచ్చింది. క్లాసులు మొదలయ్యేలోపు అనాటమీ పుస్తకాలు చదివించమని బంధువులు పోరుతున్నారు. తెప్పించమంటారా?
– ఓ తల్లి, ఆత్మకూరు

వద్దమ్మా. ఎముక చేతిలో లేకుండా, బొమ్మ గీయకుండా చదివిన అనాటమీ (శరీర నిర్మాణం) వారం తిరక్కుండానే మరుపొస్తుంది. ఈలోపు చేయించాల్సిన పని, రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్ బికి టీకా. మొదటి ఏడాది నుంచే ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు) ల్యాబులో వేలు పొడిచి రక్తం తీస్తారు. టీకా మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకు రెండోది, మొదటి డోసు వేసిన ఆరు నెలలకు మూడోది. అంటే ఇప్పుడు మొదలుపెడితేనే ఏడాది సగానికి పూర్తవుతుంది. చిన్నప్పుడు మూడూ వేయించిన కార్డు దొరికితే మళ్లీ మొదటికి వెళ్లొద్దు. టీకా రక్షణ రక్తంలో ఎంతుందో చూసే యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ పరీక్ష చేయించండి. 10 mIU/mL లేదా ఆ పైన ఉంటే చాలు. తక్కువొస్తే ఒక డోసు వేయించుకుని, నెల తర్వాత మళ్లీ చూపించుకోవాలి.

చదవకుండా ఉండలేనంటే పదాల ముక్కలు పట్టుకోమనండి. ఆస్టియో అంటే ఎముక, మయో కండరం, నెఫ్రో మూత్రపిండం, చివర ఐటిస్ వస్తే వాపు, ఎక్టమీ వస్తే కోసి తీసేయడం. ఇలాంటివి ఓ యాభై వస్తే లెక్చరర్ మాట చెవికి కొత్తగా ఉండదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్లకు ఇది మరీ అక్కరకొస్తుంది.

సీనియర్ ఒకన్న సగం సెట్టు ఎముకలు అమ్ముతానంటున్నాడు. ఏం చూసి కొనాలి? కోటు, డిసెక్షన్ బాక్సు సంగతేంటి?
– విద్యార్థి, సింగరాయకొండ

సగం సెట్టు అంటే చేతులు, కాళ్ల ఎముకలు ఒక పక్కవే ఉండాలి. చేతులు మారిన సెట్లలో కుడీ ఎడమా కలిసిపోతాయి. కాలర్ ఎముకతో పరీక్ష పెట్టండి. చదునుగా ఉన్న కొన బయటికి, లావుగా గుండ్రంగా ఉన్న కొన ఛాతీ మధ్యకు, గాడి ఉన్న వైపు కిందికి పెట్టండి. లావు కొన వైపు వంపు ముందుకు ఉబ్బి ఉండాలి. ఏ భుజానికి అలా కుదిరితే అది ఆ పక్కది. అదే పక్కది కాని ఎముక తొడదైనా, భుజానిదైనా వెనక్కిచ్చేయండి. కొనలు అరిగిపోయి, రంధ్రాల్లో మైనం, రంగు నిండినవి వైవాకు (నోటి పరీక్షకు) పనికిరావు. ప్లాస్టిక్‌వి ఆకారం తెలుసుకోవడానికి బాగానే ఉంటాయి గానీ, చాలావాటిలో కండరం అంటుకునే గరుకు గుర్తులు సరిగా తేలవు.

కోట్లు రెండు కొనండి. కాటన్‌వి, పూర్తి చేతులు, మోకాలి దాకా రావాలి. డిసెక్షన్‌కు (శవాన్ని కోసి చూసే క్లాసుకు) వాడేది ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ల్యాబులకు వేసుకోవద్దు. దాన్ని విడిగా ఉతకండి. బాక్సులో నాలుగో నంబరు పిడి, దానికి సరిపోయే 22 నంబరు బ్లేడ్లు, పళ్లున్న ఫోర్సెప్స్ (పట్టుకారు) ఒకటి, లేనిది ఒకటి, కత్తెర ఉంటే సరి. బ్లేడు వేళ్లతో ఎక్కించొద్దు, ఫోర్సెప్స్‌తో పట్టి గాడిలోకి జరపండి. మొదటి నెలలో వేళ్లు తెగేది ఎక్కువగా ఇక్కడే.

డిసెక్షన్ హాలంటే భయం. కళ్లు తిరిగి పడతారంటారు. కాంటాక్ట్ లెన్సులు వాడతాను కూడా.
– విద్యార్థిని, చీమకుర్తి

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. రెండు ఇడ్లీలైనా తినండి. కదలకుండా మోకాళ్లు బిగించి నిలబడితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారుస్తూ ఉండండి. చెమట పట్టి, చెవుల్లో హోరుమంటే సిగ్గుపడకుండా కూర్చోండి. శవం పాడవకుండా వాడే ఫార్మలిన్ ఆవిరికి కళ్లు మండుతాయి కాబట్టి ఆ పూట లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోండి.

చాలా కాలేజీల్లో ఛాతీ పై భాగంతోనే మొదలుపెడతారు. కొత్తవాళ్లు చేసే తప్పు లోతుగా కోయడం. భుజం కండరానికీ ఛాతీ కండరానికీ మధ్య సందులో పోయే సెఫాలిక్ సిర ముందు తెగేది అలాగే. చర్మం వరకే కత్తి. ఆ తర్వాత పళ్లులేని ఫోర్సెప్స్‌తో కొవ్వు తప్పించుకుంటూ పోవడమే పనంతా.

హీమోగ్లోబిన్ ప్రాక్టికల్‌లో నాకెప్పుడూ 10 లోపే వస్తోంది. బయటి ల్యాబులో 14 ఉంది. ఎక్కడ పోతోంది?
– ప్రథమ సంవత్సరం, ఒంగోలు

శాలీ పద్ధతే (రంగు పోల్చి హీమోగ్లోబిన్ లెక్కగట్టేది) అనుకుంటున్నాం. ట్యూబులో ఎన్ బై 10 (పలచటి) హైడ్రోక్లోరిక్ యాసిడ్ 2 గ్రాముల గీత దాకా పోసి, అందులో 20 క్యూబిక్ మిల్లీమీటర్ల రక్తం కలిపి, పది నిమిషాలు ఆగాలి. తొందరపడి అయిదు నిమిషాలకే నీళ్లు కలిపితే రంగు పూర్తిగా తేలదు, రీడింగ్ పడిపోతుంది. మీది బహుశా ఇదే. కాకపోతే వేలు నొక్కుతున్నారేమో చూసుకోండి. నొక్కితే కణజాలం నీరు కలిసి రక్తం పలచబడుతుంది. స్పిరిట్ పూర్తిగా ఆరాక, లోతుగా ఒక్కసారి పొడిచి, మొదటి చుక్క తుడిచేసి, దానంతటది ఊరిన రెండో చుక్క తీసుకోండి. పిపెట్‌లో (రక్తం కొలిచే సన్న గొట్టంలో) గాలి బుడగ వస్తే మళ్లీ మొదలే. రక్తం వదిలాక అదే యాసిడ్‌ను రెండు మూడుసార్లు పిపెట్‌లోకి లాగి వదలండి, లోపల అంటుకున్నదంతా దిగుతుంది. డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా పోస్తూ, కిటికీ వెలుతురుకు పెట్టి, పక్కనున్న ప్రామాణిక గాజు రంగుతో పోల్చండి. ట్యూబ్‌లైటు కింద కళ్లు మోసం చేస్తాయి.

స్నేహితుడికి 17 వచ్చిందని కుళ్లుకోకండి. పిపెట్ కొన బయట తుడవకపోయినా, రంగు కుదిరాక కూడా నీళ్లు పోసేసినా, లేని హీమోగ్లోబిన్ లెక్కలోకి వచ్చేస్తుంది.

కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో అప్ అండ్ డౌన్ చేయొచ్చా?
– ఓ తండ్రి, కావలి

పరీక్షకు కూర్చోవాలంటే థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వేటికవే లెక్క. మొదటి ఏడాది గట్టెక్కడానికి ఇచ్చేది నాలుగు అవకాశాలే. రైలు ఆలస్యమై అటెండెన్స్ పోవడం ఒకెత్తు. ఆ ఉదయం మీవాడి టేబుల్ మీద విప్పిన భాగం మళ్లీ అలా దొరకదు. మొదటి ఇంటర్నల్స్ దాకానైనా హాస్టల్లో ఉంచండి. శనివారం సాయంత్రం బండెక్కితే ఆదివారమంతా ఇంట్లోనే ఉంటాడు.