ఊరి గుట్ట మీద స్థానిక చెట్లు పెంచాలంటే విత్తనాన్ని, నేలను ఎలా సిద్ధం చేయాలి?

అనంతపురం ప్రాంతంలోని మీ ఊరి ఉమ్మడి గుట్ట మీద వచ్చే వానలకు స్థానిక జాతులు నాటాలనుకుంటున్నామని, ముందుగా ఏమేమి సిద్ధం చేసుకోవాలని అడిగారు. మా ఊరి గుట్ట మీద ఈ పని చేస్తున్నవారిలో నేనూ ఒకడిని కాబట్టి, అక్కడ తేలిన సంగతులే రాస్తున్నాను.

గుంతలు తవ్వే ముందు, ఒక మంచి వాన పడ్డాక గుట్టంతా నడిచి చూడండి. మోకాలెత్తు దాటని పొదల్లా కనిపించేవాటిలో చాలా భాగం నరికివేతకూ మేకల మేతకూ లొంగి మిగిలిన చిరుమాను, తునికి, మోదుగ మోళ్లే అయి ఉంటాయి. ఒక్కో మోడుకు బలమైన పిలకలు ఒకటి రెండు ఉంచి, మిగిలినవి కోసేసి, పశువులను ఆపగలిగితే, పాత వేర్ల బలంతో అది కొత్తగా నాటిన మొక్క కంటే ముందే చెట్టవుతుంది. అలాంటి చోట గుంత దండగ. సర్కారు తుమ్మను మాత్రం పైపైన నరకవద్దు, మరింత గుబురుగా చిగురిస్తుంది. నేలలోకి అడుగు లోతు తవ్వి మొదలంతా పెకలించాలి. గడ్డి తప్ప ఏదీ పెరగని రాతి తిప్పలను గడ్డికే వదిలేయండి, గొర్రెల కాపరులకు కావలసిందీ అదే.

ఇక విత్తనం. వేప, నేరేడు, ఇప్ప గింజలు నిలవ ఉండవు. పండు రాలిన వారం పది రోజుల్లోనే గుజ్జు కడిగి, నీడన ఆరనిచ్చి విత్తుకోవాలి. ఈ పండ్లు జూన్, జూలై ప్రాంతంలో దొరుకుతాయి కాబట్టి, ఈ ఏడాది నర్సరీ సంచుల్లో వేసినవి వచ్చే ఏటి వానలకే నాటుకు వస్తాయి. రేల సంగతి వేరు: గింజ ఏళ్ల తరబడి నిలుస్తుంది గాని పెంకు నీటిని లోపలికి రానివ్వదు. మేము ప్రతి గింజనూ మొలక వచ్చే కొనను తప్పించి గరుకు బండ మీద ఒక పక్క రుద్ది, లోపలి లేత రంగు కనిపించగానే ఆపి, రాత్రంతా నానవేస్తాము. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దుతాము. ఓపిక పట్టే పని, పిల్లలకు అప్పగిస్తే ఇష్టంగా చేస్తారు. తునికి తల్లివేరు లోతుకు పోతుంది గనుక సంచిలో పెంచడం కంటే గుట్ట మీదే విత్తడం మేలు. ఏ జాతికైనా ఒకే చెట్టు కింద కాకుండా, దూరదూరంగా ఉన్న పలు చెట్ల నుంచి గింజలు ఏరండి.

సంచుల్లోకి ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. వేర్లు నేలలోకి దిగకుండా సంచులను అప్పుడప్పుడు కదుపుతూ, నాటడానికి నెల ముందు నుంచి నీడను, నీటిని క్రమంగా తగ్గించండి. నర్సరీలో కొనవలసి వస్తే ఎత్తు చూసి మురిసిపోకుండా, ఒక సంచి చింపించి చూడండి. అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్కలు వద్దు.

ఒకటిన్నర అడుగుల గుంతలు మే నెలలోనే తవ్వి, పైమట్టిని విడిగా పోసి, నాటేటప్పుడు దాన్నే ముందుగా వేర్ల చుట్టూ వేయండి. పల్లం వైపు అర్ధచంద్రాకారంగా కట్ట వేస్తే పారే నీరు మొక్క దగ్గర నిలుస్తుంది. మన జిల్లాలో ఎక్కువ వాన సెప్టెంబరులో కురుస్తుంది కాబట్టి, మృగశిర చినుకులకే తొందరపడక, గుంతలో మూరెడు లోతున తడి తగిలాకే నాటాలి.

కాపరులతో ఒప్పందం, గడ్డి ఎండకముందే నిప్పు దాటకుండా చుట్టూ చెక్కే బాటలు నాటుకన్నా ముందే తేలాలి. చెన్నేకొత్తపల్లి దగ్గరి కల్పవల్లిలో ఊళ్లవారే బంజరు గుట్టలను కాపాడుకుని అడవిగా మార్చుకున్నారు; మీవాళ్లను నలుగురిని తీసుకుని ఒకసారి అక్కడికి వెళ్లి, కాపలా ఎలా నడిపారో అడిగి రండి.