ఫిరంగి మెరవకూడదు

స్కూల్లో కార్గిల్ విజయ దినోత్సవానికి పిల్లలచేత బోఫోర్స్ ఫిరంగి నమూనా పెద్దది చేయిస్తున్నామన్నారు. ఏ ఆకుపచ్చ కొనాలి, స్ప్రేగన్ తప్పనిసరా అని అడిగారు. ఏ ఆకుపచ్చ కొన్నా ఫరవాలేదు, అది మెరవకుండా ఉంటే చాలు. ఛాయ కాస్త అటూ ఇటూ అయినా నమూనా నిలబడుతుంది. మెరిసిందంటే మాత్రం తిరునాళ్ళలో అమ్మే బొమ్మ అయిపోతుంది. ఈ విషయంలో ఎవరితోనైనా వాదానికి సిద్ధం. ఇప్పటికే చాలామందితో వాదించాను.

రంగు దాకా వెళ్ళే ముందు కొలత సంగతి చూడండి. నేను విజయవాడలో ఒక కాలేజీ కోసం అసలు దానిలో అయిదో వంతు సైజులో చేశాను. ఫిరంగి గొట్టం పొడవుకు ఎవరినీ అడగనక్కర్లేదు, లోపలి వ్యాసాన్ని క్యాలిబర్ల సంఖ్యతో (గొట్టం పొడవు ఆ వ్యాసానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె అది) గుణిస్తే వచ్చేస్తుంది. బోఫోర్స్‌ది 155 మి.మీ., 39 క్యాలిబర్లు. అంటే ఆరు మీటర్ల పైచిలుకు. అందులో అయిదో వంతు 121 సెం.మీ., మూతి లోపల 31 మి.మీ. ఇంత తేలికైన లెక్క కూడా వేసుకోకుండా ఇంటర్నెట్‌లో దొరికిన ధనుష్ ఫిరంగి ఫోటో ముందు పెట్టుకుని చేసేసి, కింద బోఫోర్స్ అని బోర్డు పెట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ధనుష్ జబల్‌పూర్‌లో తయారయ్యే మన ఫిరంగి, దానిది 45 క్యాలిబర్ల గొట్టం. ఇదే కొలతలో దాదాపు 19 సెం.మీ. ఎక్కువ పొడవు వస్తుంది. స్కూలు ప్రదర్శనలో అదంతా ఎవరు చూస్తారులే అనుకోకండి. ఫిరంగి దళంలో పనిచేసి రిటైరైన వాళ్ళు ఒక్కరు వచ్చినా దొరికిపోతారు.

గొట్టానికి 40 మి.మీ. పీవీసీ పైపు సరిపోతుంది, కానీ లోపల ఇనప ఊచో కర్రో బిగించండి. మన ఎండకు ఉత్త పైపు మధ్యాహ్నానికల్లా మూతి వేలాడేస్తుంది. అసలు గొట్టం వెనక లావుగా, ముందు సన్నగా ఉంటుంది కాబట్టి వెనక సగానికి డ్రాయింగ్ షీటు పట్టీలు జిగురుతో వరసగా చుట్టుకుంటూ రావాలి. మూతికి చిల్లుల తొడుగు ఉంటుంది. పేలినప్పుడు వచ్చే వాయువు కొంత ఆ చిల్లుల్లోంచి పక్కలకు పోయి, ఫిరంగి వెనక్కి తన్నే జోరు తగ్గుతుంది. అందుకని ఆ చిల్లులను నల్ల చుక్కలు పెట్టి సరిపెట్టకండి, డ్రిల్లుతో నిజంగా వేయించండి. కాళ్ళకూ బండికీ ప్లైవుడ్ వాడండి. థర్మోకోల్ వద్దు. దాని మీద ఎన్.సి. రంగు (థిన్నరుతో కలిపి కొట్టే, గబగబా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు) పడితే కళ్ళముందే కరిగి గుంటలు పడుతుంది.

ఇక రంగు. ఆటోనగర్‌లో కార్లకూ లారీ క్యాబిన్లకూ రంగులు వేసే మేస్త్రీ ఒకాయన సాయానికి వచ్చాడు. డబ్బులివ్వబోతే సైన్యం పని అని పుచ్చుకోలేదు. ఆయన పుట్టీ పని చూసి తీరాలి. రేకు ముక్కతో పల్చగా లాగి, ఆరాక 400 నంబరు ఎమరీ కాగితం నీళ్ళలో తడిపి రుద్ది, కళ్ళు మూసుకుని వేలి కొసలతో తడిమేవాడు. వేలికి అతుకు తగిలిందా, మళ్ళీ పుట్టీయే. ప్లైవుడ్డును ఇనుమని నమ్మించాడు. అంత బాగా సాగుతున్న పని కాస్తా రంగు కలిపే పూట చెడింది.

"మెరుపు లేకుండా వేయాలి మేస్త్రీ గారూ" అన్నాను.

"ప్రైమరు కొట్టి వదిలేయమంటారా సార్?"

"కాదు, రంగే. మెరవని రంగు."

ఆయన చేతిలోని డబ్బా కింద పెట్టేశాడు. ఆ పేటలో ఆయనకున్న పేరంతా మెరుపుదే. "డోరు మీద మన మొహం కనపడాలి సార్, లేకపోతే ఎవడు చేశాడీ పని అంటారు" అన్నాడు. యుద్ధంలో అలా కనపడితే శత్రువుకూ కనపడుతుందని చెప్పాను. "ఇక్కడ శత్రువెవరున్నారు సార్, ప్రిన్సిపాల్ గారు తప్ప?" అన్నాడు. నిజానికి ఆ ప్రిన్సిపాల్ గారు అంతకుముందే గొట్టానికి బంగారు రంగు గీత అడిగి ఉన్నారు.

అప్పుడు మేస్త్రీకి కార్గిల్ యుద్ధం జరిగిన ద్రాస్ గురించి చెప్పాను. 1999లో మన ఫిరంగులను మోహరించిన ఆ రోడ్డు టోలోలింగ్ శిఖరం మీద కూర్చున్న పాకిస్తాన్ వాళ్ళకు పైనుంచి కళ్ళకు కట్టినట్టు కనపడేది. మామూలుగా ఇలాంటి ఫిరంగిని కనపడని లక్ష్యం మీదికి, కొండల మీదుగా పేలుస్తారు. అక్కడ మాత్రం ఎదురుగా శిఖరం మీది బంకర్లకు నేరుగా గురిపెట్టి కొట్టారు. తను చూసి కొడుతున్నదంటే అవతలివాడికీ తను కనపడుతున్నట్టే. అలాంటి చోట ఎండ పడి గొట్టం తళుక్కుమంటే ఆ ఫిరంగి దగ్గరున్న జవాన్ల గతి ఏమిటి? ఫిరంగి దళం చేసిన పనికి గుర్తుగా 2022లో అక్కడి 5140 అనే శిఖరానికి గన్ హిల్ అని పేరు పెట్టారని కూడా చెప్పాను. మేస్త్రీ అంతా శ్రద్ధగా విని, రంగులో మెరుపు చంపే పొడి కలిపాడు. మర్నాడు వెళ్ళి చూస్తే ఫిరంగంతా చక్కగా మెరుపు లేకుండా ఉంది, చక్రాల మధ్య బిళ్ళలు మాత్రం అద్దాల్లా మెరుస్తున్నాయి. "ఆ ఒక్కటి నాకు వదిలేయండి సార్" అన్నాడు.

రెండో పూత నాడు ముసురు పట్టింది. గాలిలో తేమ ఉన్నప్పుడు ఎన్.సి. రంగు కొడితే థిన్నరు గబగబా ఆవిరై ఉపరితలం చల్లబడుతుంది, దాని మీద తేమ దిగి తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది. పొద్దెక్కాక కొడదామని మేస్త్రీ మొదటే చెప్పాడు, తొందరపెట్టింది కాలేజీవాళ్ళు. ఎడమ కాలు పొడవునా తెల్లటి మచ్చ తేలింది. మేస్త్రీ మొహం వాడిపోయింది, నిదానంగా ఆరే థిన్నరు తెచ్చి మళ్ళీ కొడతానని లేచాడు. నాకేమో ఆ మచ్చ ప్రాణం లేచి వచ్చేలా ఉంది. ఏళ్ళ తరబడి ఎత్తు ప్రాంతపు ఎండకు వెలిసిన రంగు అచ్చం అలాగే ఉంటుంది, డబ్బు పోసినా రాదు. ముట్టుకోవద్దన్నాను. పైగా గోధుమ రంగును నీళ్ళలా పల్చన చేసి బోల్టుల చుట్టూ, మూలల్లో పారించి, పైపైన గుడ్డతో తుడిచాను. ఎత్తుగా ఉన్నచోట పోయి, సందుల్లో దుమ్ములా నిలిచింది. "కొత్త బండికి బురద పూస్తారా సార్" అని ఆయన బయటికి వెళ్ళి టీ తాగి గానీ లోపలికి రాలేదు.

ప్రదర్శన రోజున వచ్చిన పెద్దమనుషుల్లో సగం మంది "బోఫోర్సా, అదేగా కుంభకోణం" అని నవ్వి వెళ్ళిపోయారు. స్వీడన్ కంపెనీ నుంచి ఈ ఫిరంగులు కొన్న ఒప్పందం 1986 నాటిది, ముడుపుల వార్త 1987లో స్వీడన్ రేడియోలో వచ్చింది, కార్గిల్ జరిగింది 1999లో. ఈ మూడూ ఒక వరసలో చెబుదామంటే వినే ఓపిక ఎవరికీ లేదు. పిల్లలే నయం, చిల్లులు ఎందుకున్నాయని అడిగారు.

మీ ప్రశ్నకు వస్తాను. డబ్బాలో ఉన్న ఆకుపచ్చను ఉన్నదున్నట్టు కొట్టకండి. నమూనా మీద ఏ రంగైనా అసలు దానికంటే ముదురుగా కనపడుతుంది, అందుకని ఛాయను కాస్త లేత చేయాలి. తెలుపు కలపకండి, సున్నం కొట్టినట్టుంటుంది. లేత ఇసుక రంగు కలపండి. ఎంత అంటే, డబ్బాలో పదో వంతు దాటకుండా. పీవీసీ పైపును ముందు ఎమరీతో గరుకు చేసి, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టాకే రంగు, లేకపోతే గోరు తగిలినా పొరలుగా లేస్తుంది.

స్ప్రేగన్ కొనకండి. అది కొంటే కంప్రెసర్ కావాలి, ఆ రెండింటి డబ్బుతో ఇంకో ఫిరంగి అవుతుంది. కార్లకు రంగు వేసే షాపుకు తీసుకెళ్తే ఒక పూటలో కొట్టిస్తారు. కాకపోతే కొట్టినంతసేపూ పక్కనే నిలబడండి, ఆరీ ఆరగానే నమూనా ఆటో ఎక్కించేయండి. మీరు టీకి వెళ్ళొచ్చేలోపు వాళ్ళు దానికి పాలిష్ పట్టేస్తారు.