దిగువ చేలో ఎర్రమట్టి తవ్వకం, కూలిన మన గెనిమ: చట్టం ఏం చెబుతుంది?

ప్రశ్న: పలమనేరు దగ్గర మాకు మూడెకరాల మెట్ట ఉంది. పట్టా మా నాయన పేరు మీద ఉంది. వానను నమ్ముకుని చెనిక్కాయ, మధ్యలో కంది వేస్తాం. దిగువ చేను ఆసామి రోడ్డు పనులకు ఎర్రమట్టి అమ్ముకున్నాడు. జేసీబీతో మా గెనిమను (చేను గట్టును) ఆనుకునే నిలువునా పదడుగుల లోతు తవ్వేశారు. మొన్నటి వానకు గెనిమ కూలింది. మా చేలో నీళ్లన్నీ ఆ గుంతలోకి దూకుతున్నాయి. వాన పడిన ప్రతిసారీ కోత మా చేలోకి ఎక్కి వస్తోంది. అడిగితే ‘నా పట్టా, నా మట్టి, నీ నీళ్లు నా చేలోకి వదలొద్దు’ అంటున్నాడు. పోలీసులేమో సివిల్ తగాదా అన్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆయన చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ చట్టం ముందు నిలవదు.

మొదట ‘నా పట్టా’ సంగతి. ఒక భూమికి పక్క భూమి సహజంగా ఇచ్చే ఆసరాను తీసేసే హక్కు పక్క ఆసామికి లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్క భూములకు సంబంధించిన హక్కుల చట్టం) సెక్షన్ 7 ఈ విషయాన్ని ఉదాహరణతో సహా చెబుతుంది. ఇది మీరు కొనుక్కున్న హక్కు కాదు, ఇన్నేళ్లు అనుభవించి సంపాదించినదీ కాదు. భూమితో పాటే వస్తుంది. అయితే ఒక షరతుంది. మీ నేల సహజ స్థితిలో ఉండాలి, అంటే మీరు తవ్వి ఉండకూడదు, దాని మీద కట్టడాల బరువు పెట్టి ఉండకూడదు. ఆ అంచున మీ మోటారు షెడ్డో, పాత బావో ఉంటే అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. గెనిమ కూడా మనం పోసుకున్న కట్టే కాబట్టి, కూలింది గెనిమ ఒక్కటే కాదు, దాని కింది నేల కూడా విరిగిందని రుజువు కావాలి.

రెండోది ‘నా మట్టి’. రోడ్లకు, కట్టలకు, మెరకలకు వాడే మామూలు మట్టిని కూడా కేంద్రం 2000 ఫిబ్రవరిలో చిన్న తరహా ఖనిజంగా ప్రకటించింది. గ్రావెల్ అంతకు ముందు నుంచీ ఆ జాబితాలోనే ఉంది. భూమి సొంతదే అయినా, మట్టి తీసి బయటికి అమ్మాలంటే గనుల శాఖ అనుమతి ఉండాలి, సీనరేజీ (ఖనిజం తీసినందుకు సర్కారుకు చెల్లించే రుసుము) కట్టాలి, టిప్పరుకు రవాణా పర్మిట్ ఉండాలి. తన చేను తాను చదును చేసుకుని ఆ మట్టిని అక్కడే వాడుకోవడం వేరు, మీ పక్కన జరిగింది వేరు. పర్యావరణ అనుమతి గానీ, దాని నుంచి మినహాయింపు ఇచ్చిన ఉత్తర్వు గానీ ఉందా అన్నది కూడా అడగాలి.

ఒకవేళ అనుమతి ఉన్నా మీ దావా పోదు. గనుల శాఖ ఇచ్చేది మట్టి తీసుకునే అనుమతే, మీ నేలను కూల్చే అనుమతి కాదు. 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ (గనుల భద్రతా నియమాలు) ప్రకారం మొరం, గ్రావెల్ వంటి మెత్తని నేలలో గుంత అంచును 45 డిగ్రీలకు మించని వాలుగా గానీ, ఒక్కొక్కటి 1.5 మీటర్లు మించని మెట్లుగా గానీ తవ్వాలి. సరిహద్దు నుంచి 7.5 మీటర్లు వదలాలి. ఆరు మీటర్ల లోతు, 50 మంది కూలీలు దాటకుండా, పేలుడు పదార్థాలు వాడకుండా తవ్వే చిన్న గుంతలకు 1952 నాటి గనుల చట్టంలో మినహాయింపు ఉంది. అందుకని ఈ కొలతలు ఆయన్ను నేరుగా కట్టడి చేస్తాయని వాదించకండి. జాగ్రత్తగా తవ్వడమంటే ఏమిటో కోర్టుకు చూపించే కొలబద్దగా వాడండి. సరిహద్దు మీదే పదడుగుల నిలువు కోత ఎంత నిర్లక్ష్యమో అప్పుడు తెలిసిపోతుంది.

మూడోది నీళ్లు. మీ మెట్ట మీద పడిన వాన, కాలువ కట్టకుండా, తనంతట తాను దిగువకు పారితే దాన్ని దిగువ ఆసామి పారనివ్వాల్సిందే. ఇదీ సెక్షన్ 7లోనే ఉంది. కానీ మీరు కాలువ తీసి నీళ్లన్నీ ఒకచోటికి మళ్లించి ఉంటే ఆ రక్షణ ఉండదు. ఇంతకు ముందు చేనంతా పరుచుకుని మెల్లగా దిగిన నీరు, ఇప్పుడు ఆయన గుంత వల్ల ఒకేచోట దూకుతోంది. మన పడమటి మండలాల ఎర్రనేలల్లో కోత పైకి ఎక్కడానికి కారణం ఇదే. పైన జానెడు మట్టి, దాని కింద బంక కలిసిన ఎర్రమన్ను, ఆ కింద రాయి మెత్తబడిన గరుసు. నీళ్లు దూకే చోట కింది గరుసు ముందు కొట్టుకుపోతుంది, పైమట్టి గొడుగులా నిలిచి తర్వాత విరిగి పడుతుంది. ఈ పైమట్టి పోతే మిగిలిన నేలలో చెనిక్కాయ ఊడ (కాయ కట్టడానికి నేలలోకి దిగే కాడ) దిగదు. నష్టపరిహారంలో ప్రధానమైన పద్దు ఇదే. చాలామంది మాత్రం ఒక పంట నష్టమే అడిగి ఊరుకుంటారు.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు హద్దు తేల్చుకోండి. గ్రామ సచివాలయంలో ఎఫ్‌-లైన్ సర్వేకు (హద్దుల కొలతకు) అర్జీ పెట్టండి. ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, రీసర్వే అయిన ఊరైతే ఎల్‌పీఎం (కొత్త భూమి పటం) నకలు, అడంగల్, 1-బి తీసుకోండి. ఆయన చేను కూడా చూడండి. అది డీకేటీ పట్టా అయినా, తవ్వకం వంక పోరంబోకులోకి జరిగినా కథే మారిపోతుంది. వంక పోరంబోకు ప్రభుత్వ భూమి, డీకేటీ ప్రభుత్వం షరతులతో ఇచ్చిన భూమి. డీకేటీ షరతులు మీరినందుకు చర్య తీసుకోమని తహసీల్దారుకు అర్జీ ఇవ్వవచ్చు. సర్కారు భూమిలోంచి మట్టి ఎత్తుకుపోతే పోలీసులు దొంగతనం కేసు కట్టవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

గుంత పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలవండి. ఉదాహరణకు 60 మీటర్లు, 40 మీటర్లు, 3 మీటర్లు అయితే 7,200 ఘనపు మీటర్లు. టిప్పరుకు పది చొప్పున వేసుకున్నా 720 లోడ్లు. తవ్విన మట్టి వదులై పొంగుతుంది కాబట్టి అసలు లోడ్లు ఇంకా ఎక్కువే. పర్మిట్లు యాభైకే ఉన్నాయని తేలితే ఈ లెక్కే మాట్లాడుతుంది. మీ వైపు పోయిన మట్టికీ ఇదే పద్ధతి. ఎకరంలో 15 సెంటీమీటర్ల మందం అంటే దాదాపు 600 ఘనపు మీటర్లు. గండి పడిన మేరకు లెక్కగట్టండి, గుండుగుత్త అంకె వేస్తే కోర్టు నమ్మదు. దెబ్బతిన్న చోట, బాగున్న చోట విడివిడిగా మట్టి నమూనాలు తీయించి పరీక్షకు పంపండి. ఒక్కో చోట ఎనిమిది పది గుంటల నుంచి 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసి, కలిపి, అరకిలో చాలు. ఫొటోలు, వీడియోలు తీసిన ఫోన్‌లోంచి చెరిపేయకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం లేకుండా వాటి ప్రింట్లు దాఖలు చేస్తే అవతలివాళ్లు అడ్డుపడతారు.

తర్వాత పలమనేరు సివిల్ కోర్టు. దావా మీ నాయన పేరుతోనే వేయాలి. ఆయన తిరగలేకపోతే మీకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. కోరాల్సినవి మూడు: ఇక తవ్వకుండా శాశ్వత ఇంజంక్షన్, కూలిన మేరకు పూడ్చి ఆసరా కట్టమని మాండేటరీ ఇంజంక్షన్, నష్టపరిహారం. దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్, ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే వకీలు) కోసం పిటిషన్లు వేయండి. నా దృష్టిలో కమిషనర్ పిటిషనే ప్రాణం. ఇంకో రెండు వానలు పడితే గుంత అంచులు జారి, నిలువు కోత వాలుగా మారిపోతుంది. తర్వాత ఎవరు ఏం చెప్పినా నమ్మించలేం. తవ్వించిన కాంట్రాక్టర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి. తహసీల్దారును, గనుల శాఖను మాత్రం మొదటే చేర్చకండి. ప్రభుత్వాన్ని చేరిస్తే అదే కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, లేదా అత్యవసరమని కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఆ జాప్యం మీకు చేటు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఇతరులకు ఆదాయ పరిమితిని బట్టి దొరుకుతుంది.

పరిహారానికి మూడేళ్ల గడువు ఉంది. అది తవ్విన రోజు నుంచి కాదు, మీ నేల కూలిన రోజు నుంచి మొదలవుతుంది.

గనుల శాఖకు రాతపూర్వక ఫిర్యాదు విడిగా ఇచ్చి రసీదు తీసుకోండి. అక్రమ తవ్వకానికి 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం సెక్షన్ 21 కింద అయిదేళ్ల వరకు జైలు, వాహనాల జప్తు, మట్టి విలువ వసూలు ఉన్నాయి. కానీ ఆ చట్టం కింద కోర్టుకు ఫిర్యాదు చేయాల్సింది అధికారం ఉన్న అధికారే, అందుకే పోలీసులు వెనక్కి తగ్గుతారు. పర్మిట్ల నకళ్లకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా కార్యాలయానికి రుసుము పది రూపాయలు, గడువు 30 రోజులు. అది వచ్చేదాకా దావా ఆపవద్దు. పర్యావరణ అనుమతి లేదని తేలితే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి వెళ్లవచ్చు. అక్కడ తవ్వకం ఆపమనే అర్జీకి ఆరు నెలలే గడువు. గుంత బండిదారి పక్కన ఉంటే ఆర్డీవో దగ్గర బీఎన్ఎస్ఎస్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద కంచె వేయించమని కోరవచ్చు, పిల్లలు తిరిగే దారైతే ఇది ముందు చేయండి.

టిప్పర్లకు అడ్డం నిలబడకండి. అక్రమంగా నిర్బంధించారని మీ మీదే కేసు పెట్టే వీలుంటుంది. ఈ దశలో కాంట్రాక్టర్ వచ్చి ‘మీ చేను కూడా చదును చేసి ఇస్తాం, సంతకం పెట్టండి’ అంటాడు. దయచేసి పెట్టకండి. ఆ కాగితం మీ సమ్మతిగా కోర్టులో తేలుతుంది, చేతిలో గరుసు మిగులుతుంది. రాజీ కావాలంటే కోర్టు ద్వారానే రాసుకోండి. అందులో ఇవి ఉండాలి: పూడ్చేది మట్టితోనే, భవన శిథిలాలతో కాదు. అడుగుకొక పొరగా వేసి దిమ్మిస కొట్టాలి. పైన జానెడు మందం సారమున్న మట్టి పరచాలి. అంచుకు రాతికట్టు కట్టాలి. గడువు తేదీ, తప్పితే కట్టాల్సిన మొత్తం కూడా రాయించండి.

ఇక కోత ఇంకా ఎక్కకుండా, గండికి నాలుగైదు మీటర్ల పైన అడ్డంగా చిన్న కాలువ తీసి నీటిని గడ్డి ఉన్న పక్కకు నెమ్మదిగా మళ్లించండి. కానీ కమిషనర్ చూసి వెళ్లాకే. అంతకు ముందే వాన ముంచుకొస్తే ఆ పని చేయక తప్పదు. అప్పుడు ముందు, తర్వాత ఫొటోలు తీసి, తేదీతో ఒక నోటీసు అవతలివాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.