ఒకే ఫ్లాటు, మూడు ప్రకటనలు
ఇల్లు - స్థలం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: విజయవాడ పటమటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కోసం వెబ్‌సైట్లు, వాట్సాప్ గ్రూపులు అన్నీ గాలిస్తున్నాం. ఫొటోలు చూస్తే ఒకే ఫ్లాటు. ఒకచోట 1,250 అడుగులు, 62 లక్షలు అంటారు. ఇంకోచోట 1,080 అడుగులు, 58 లక్షలు. మరోచోట 68 లక్షలు. ఫోన్ చేస్తే ‘అది అయిపోయిందండీ, వేరేది చూపిస్తాం’ అంటున్నారు. దేన్ని నమ్మాలి?
- ఓ పాఠకురాలు, కానూరు

జవాబు: ఏ ప్రకటన నిజమో తేల్చే పని పెట్టుకోకండి. అది ఏ ఫ్లాటో తేల్చండి. మన దగ్గర ఓనరు ఒక్క ఏజెంటుకే అప్పగించడం అరుదు. తెలిసిన మధ్యవర్తులందరికీ చెబుతారు, వాళ్లు తలా ఒకచోట పెడతారు. అందరూ చూసుకునే ఉమ్మడి జాబితా లేదు కాబట్టి ఫ్లాటు అమ్ముడయ్యాక ప్రకటన తీసేసే పూచీ ఎవరిదీ కాదు. పాత ప్రకటనకీ ఫోన్లు వస్తూనే ఉంటాయి. కొందరు ఆ ఫోన్ల కోసమే దాన్ని ఉంచేస్తారు.

అడుగుల్లో తేడా చాలాసార్లు లెక్క తేడానే. మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కలిపితే 1,250 అవుతుంది, ప్లింత్ ఏరియా, అంటే గోడలతో సహా ఫ్లాటు వరకు, ఒక్కటే చెబితే 1,080. కార్పెట్ ఏరియా ఇంకా తగ్గుతుంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం అందులో బయటి గోడలు, బాల్కనీ, వరండా రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. అదే 62 లక్షలని 1,250తో భాగిస్తే అడుగు 4,960 రూపాయలు, 1,080తో భాగిస్తే 5,740. అందుకే అన్ని ఫ్లాట్లనీ ప్లింత్ ఏరియా మీదే పోల్చండి. అపార్ట్‌మెంటు స్థలంలో ఫ్లాటుకొచ్చే అవిభాజ్య వాటా, అంటే యు.డి.ఎస్., ఎన్ని గజాలో దాని పక్కనే రాసుకోండి. పాత అపార్ట్‌మెంటులో అసలు విలువ ఆ గజాలదే. ధరలో కారు పార్కింగు, కప్‌బోర్డులు కలిశాయో లేదో కూడా అడగండి. 62కీ 68కీ మధ్య తేడా అక్కడే దొరకవచ్చు.

ఫోన్‌లో ‘ఫ్లాటు ఉందా?’ అని అడిగితే ఉందనే అంటారు. అపార్ట్‌మెంటు పేరేంటి, ఏ ఫ్లోరు, ఏ ఫేసింగు, ఫ్లాటు నంబరెంత, ఓనరు ఈ ధర ఎప్పుడు చెప్పారు అని వరసగా అడగండి. నిజంగా చేతిలో ఉన్నవాళ్లు వీటిలో చాలావాటికి వెంటనే జవాబిస్తారు. ఒక పుస్తకంలో ప్రకటనకో వరస కాకుండా ఫ్లాటుకో వరస రాయండి. వారం తిరిగేసరికి పాతిక ప్రకటనలు ఏడెనిమిది ఫ్లాట్లుగా తేలినా ఆశ్చర్యపోకండి. ఒకే ఫ్లాటుని ఇద్దరు మధ్యవర్తులతో చూడకండి, తర్వాత కమీషను దగ్గర పేచీ వస్తుంది.

నచ్చితే బేరానికి ముందే సేల్ డీడు మొదటి పేజీ, షెడ్యూలు పేజీ జిరాక్సు అడగండి. ప్లింత్ ఏరియా, యు.డి.ఎస్. అందులో ఉంటాయి. డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పేరు ఇచ్చి రిజిస్ట్రేషన్ల శాఖ వారి ఐ.జి.ఆర్.ఎస్. వెబ్‌సైటులో ఈ.సి. (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయండి. అక్కడ 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. సర్వే నంబరుతో వెతికితే పొరపాటుకి తావెక్కువ. బెజవాడ దస్తావేజుల్లో ఆర్.ఎస్. (రెవెన్యూ సర్వే) నంబరూ ఎన్.టి.ఎస్. (పట్టణ సర్వే) నంబరూ రెండూ కనిపిస్తాయి, ఒకటి కొట్టబోయి రెండోది కొడితే వేరే స్థలం చరిత్ర వస్తుంది. ఈ.సి.లో రిజిస్టరైనవే ఉంటాయని మర్చిపోకండి. తెల్లకాగితం అగ్రిమెంటు అందులో కనపడదు.

కొత్త అపార్ట్‌మెంటయితే ఇంకొకటి చూడాలి. ప్లాను మంజూరు చేసేటప్పుడు సాధారణంగా కట్టడంలో 10 శాతాన్ని అనుమతిచ్చే సంస్థ తన పేర తనఖా రాయించుకుంటుంది. మంజూరైన ప్లాను ప్రకారమే కట్టారని తేలితేనే దాన్ని విడుదల చేస్తుంది. చుట్టుపక్కల ఫ్లాట్ల కన్నా చవగ్గా ప్రకటనలో కనిపించేది ఆ తనఖాలోదేమో ఈ.సి.లో చూసుకోండి.

ప్రశ్న: గుంటూరు దగ్గర వెంచరు ప్రకటనలన్నిటిలోనూ ‘సి.ఆర్.డి.ఎ. అప్రూవ్డ్’ అనే ఉంటోంది. నిజమో కాదో ఇంట్లో కూర్చుని తెలుసుకునే దారి ఉందా?
- ఓ పాఠకుడు, గోరంట్ల

జవాబు: చాలావరకు ఉంది. సి.ఆర్.డి.ఎ. అంటే ఇక్కడ లేఅవుట్లకి అనుమతిచ్చే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ. ముందు ఎల్.పి. (లేఅవుటు అనుమతి) నంబరు, సంవత్సరం అడగండి. ‘ఫైలు పెట్టాం, వచ్చేస్తుంది’ అన్నారంటే ఇంకా రాలేదనే అర్థం. నంబరు ఇస్తే సి.ఆర్.డి.ఎ. వెబ్‌సైటులో వెతకండి. పాత లేఅవుటు కాగితాల మీద వి.జి.టి.ఎం. ఉడా అని ఉంటుంది, 2014 దాకా ఆ సంస్థే. 2020లో సి.ఆర్.డి.ఎ.ని రద్దు చేసి, 2021 చివర్లో మళ్లీ తెచ్చారు. ఆ మధ్య కాలపు కాగితాల మీద ఎ.ఎం.ఆర్.డి.ఎ. అని ఉంటుంది. పేరు వేరుగా ఉందని కంగారు పడొద్దు, సంవత్సరం కుదిరిందా చూడండి.

తర్వాత అనుమతి తాత్కాలికమా, తుదిదా అడగండి. రోడ్లు, డ్రెయిన్లు పూర్తయ్యాకే తుది అనుమతి వస్తుంది. మంజూరైన ప్లాను తెప్పించుకుని మీకు చూపిస్తున్న ప్లాటు నంబరు దాని మీద ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. బ్రోచరు బొమ్మలో ప్లాటుగా ఉన్నది ప్లానులో పార్కు స్థలం కావచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు దాటితే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ప్రకటనలోనే ఆ నంబరు ఉండాలి. లేకపోతే ఫోన్ కూడా చేయకండి. ఉంటే రెరా సైటులో ఆ నంబరు కొట్టి సర్వే నంబర్లు సరిపోలాయా చూడండి. ఐ.జి.ఆర్.ఎస్.లోనే 22ఎ నిషేధిత భూముల (రిజిస్ట్రేషన్ చేయకూడని వాటి) జాబితా కూడా ఉంది, అదీ చూడాలి.

ప్లాటు సెంట్లలో చెబితే లెక్క వేసుకోండి. సెంటు అంటే 48.4 గజాలు. అయిదు సెంట్లంటే 242 గజాలు రావాలి. అంతకు తగ్గితే రోడ్డుకి పోయిందెంతో అడగండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఇల్లు ఆన్‌లైన్‌లో చూశాం. ఓనరు మిలిటరీలో ఉన్నాడట. చూపించడానికి ముందు అడ్వాన్సు వేయమని, క్యూఆర్ కోడ్ పంపాడు. వేయవచ్చా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దు. లోపలికి వెళ్లి చూడని ఇంటికి పైసా పంపకండి. ‘రిఫండు మీకే వస్తుంది, కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అన్నా చేయకండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే పోయేది మీ డబ్బే. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

బ్రాడీపేట, అరండల్‌పేటల్లో మంచి పోర్షన్లు చాలావరకు ఆన్‌లైన్‌కి రావు. ఓనర్లు గేటుకి టులెట్ బోర్డు తగిలిస్తారు, నాలుగు రోజుల్లో నిండిపోతుంది. అద్దె అంచనాకి వెబ్‌సైట్లు చూడండి, ఇంటి కోసం మాత్రం ఉదయం పూట వీధులు తిరగండి.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో ధర బాగా తక్కువగా చెబుతున్నారు. వరద సంగతి ప్రకటనలో లేదు. ఎలా తెలుస్తుంది?
- ఓ పాఠకుడు, గన్నవరం

జవాబు: ఆ ఒక్క విషయం ఏ వెబ్‌సైటూ చెప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ ఇంటివాళ్లని కాకుండా ఎదురింటివాళ్లని, వీధి చివర కిరాణా కొట్టునీ అడగండి. మెట్ల కింద గోడ మీద మరక, కరెంటు మీటర్లు ఎంత ఎత్తులో ఉన్నాయి, లిఫ్టు మోటారు మార్చారా అన్నది చూడండి. గ్రౌండు ఫ్లోరు అయితే కొత్త రంగు వేసిన గోడని తట్టి చూడండి, లోపల ప్లాస్టరు ఉబ్బి ఉంటే బోలుగా మోగుతుంది.