పెరటి ప్రశ్నలు: కిటికీ మూసేసిన మందారాలు

ప్రశ్న: మాది విజయనగరం, తూర్పు ముఖం ఇల్లు. ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య 4 అడుగుల జాగా ఉంది. పూజకు పువ్వులుంటాయని మూడేళ్ల కిందట కిటికీల కింద రెండు ముద్ద మందారాలు వేశాం. ఇప్పుడు కిటికీ తెరవడానికే లేదు. నెలనెలా కత్తిరిస్తుంటే ఆకులొస్తున్నాయి గాని పువ్వు లేదు. తీసేసి ఏం వేసుకోమంటారు?

జవాబు: మొక్కలో లోపం లేదమ్మా, జాగాయే చాలలేదు. మందారం నేలలో పెడితే 6 నుంచి 10 అడుగుల ఎత్తు, 5, 6 అడుగుల వెడల్పు పెరిగే పొద. నర్సరీ సంచిలో అడుగున్నర ఉండి, నెత్తిన ఒక పువ్వు పెట్టుకుని కనబడితే ఆ సంగతి ఎవరికి తోస్తుంది! అందుకే కొనేటప్పుడు రంగు తర్వాత, ముందు 'పూర్తిగా పెరిగితే ఎంత వెడల్పు?' అని అడగండి. ఆ వెడల్పులో సగానికి తక్కువ దూరంలో గోడ పక్కన నాటకూడదు.

పువ్వు రాకపోవడానికి కారణం మీ కత్తెరే. మందారం కొత్త కొమ్మల కొసల దగ్గర, ఆకు పంచల్లో మొగ్గ తొడుగుతుంది. నెలనెలా కొసలు తీసేస్తే మొగ్గలకు చోటెక్కడ? పైగా గోడకు ఒత్తుకుని గాలాడని పొదకు పిండినల్లి తొందరగా పడుతుంది.

మీ 4 అడుగుల్లో నడవడానికి 2 వదిలితే మొక్కకు మిగిలేది రెండే. అందులో ఇమిడేవి మినీ నూరువరహాలు, కనకాంబరం. రెండూ 2, 3 అడుగుల ఎత్తులో ఆగుతాయి, మీ తూర్పు ఎండ చాలు. నూరువరహాలు 2 అడుగులకొకటి, కనకాంబరం అడుగుకొకటి పెట్టండి. 'మినీ' అని అడిగే తీసుకోండి. పెద్దాకు రకం మళ్లీ కిటికీ ఎక్కుతుంది.

ఆ మందారం రకం మీద మనసుంటే, 6 అడుగుల ఖాళీ ఉన్న మూల ఒకటి చూడండి. వానలు పడ్డాక, జూలైలో, పెన్సిలంత లావు కొమ్మలు 6 నుంచి 8 అంగుళాలు కోసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. ఒకటికి నాలుగు గుచ్చితే మంచిది, అన్నీ బతకవు. వేళ్లూనాక అడుగున్నర గుంటలో మట్టికి మూడో వంతు మాగిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి కలిపి నాటండి. పాతవి అప్పుడు తీసేయొచ్చు. కొత్తది గుబురయ్యాక ఏటా సెప్టెంబరులో లోపలి కొమ్మలు కొన్ని తీసి పలచన చేయండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తల బరువైన పొద గాలికి మొదలంటా ఒరిగిపోతుంది.

ప్రశ్న: కళింగపట్నంలో సముద్రానికి దగ్గర ఇల్లు. గేటు పక్కన గన్నేరు పెట్టొచ్చా?

జవాబు: ఉప్పుగాలికి, ఇసుక నేలకు అది బాగా తట్టుకుంటుంది. కాని ఆకు, పువ్వు, కాడ అంతా విషమే. ఎండిన ఆకు తిన్నా పశువుకు ప్రాణం మీదికి వస్తుంది. వీధిలో ఆవులూ మేకలూ తిరిగే చోట, పసిపిల్లలున్న ఇంట వద్దు. కత్తిరించిన కొమ్మలు కాల్చకూడదు కూడా, పొగా హానే. బదులుగా కాగితం పూల మొక్క వేయండి. ముళ్లుంటాయి కనుక దారికి 4 అడుగులు ఎడంగా నాటి, ఏటా కత్తిరించండి. నీళ్లు ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది.

ప్రశ్న: కొత్త గోడ పక్కన నూరువరహాలు లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఎందుకు?

జవాబు: ఇనుము అందడం లేదు. గోడ కట్టినప్పుడు పడ్డ సిమెంటు, సున్నం మట్టిలో కలిస్తే ఇలాగే అవుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట వారానికోసారి, రెండు మూడు సార్లు ఆకుల మీద కొట్టండి. మొక్క మొదలు దగ్గర మట్టి తవ్వి చూసి, సిమెంటు పెళ్లలుంటే ఏరి పారేసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపండి. ఈ పని వదిలేసి పిచికారీ ఒక్కటే చేస్తే పసుపు మళ్లీ వస్తుంది.