క్లచ్‌లో గాలి తీసేటప్పుడు ప్లేటు జాగ్రత్త

అల్లుడూ,

క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతోందని, రివర్స్ వేస్తే గరగరమంటోందని రాశావు. క్లచ్ ఆయిల్ పారే లైనులో గాలి చేరినట్టుంది. ఆదివారం నువ్వే తీస్తానన్నావు, సంతోషం. కానీ ఆ హడావిడిలో ఆయిల్ బెల్ హౌసింగ్‌లోకి (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే గుల్ల) జారి క్లచ్ ప్లేటుకి అంటిందా, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్లేటు లైనింగ్ ఆయిల్ పీల్చేసుకుంటుంది, పెట్రోల్‌తో కడిగినా పూర్తిగా పోదు. క్లచ్ జారుతుంది, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. ఇక గేర్‌బాక్స్ దించాల్సిందే.

అందుకే ముందు బెల్ హౌసింగ్ అడుగు అంచు వేలితో తడిమి చూడు. తడి తగిలి, అది నీళ్లతో కడిగితే పోయే జిడ్డయితే క్లచ్ ఆయిలే. గేర్ ఆయిల్ నీళ్లకి పోదు. స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిలించేది) బెల్ హౌసింగ్ లోపలే ఉండే బండికి ఆ తడి కనిపిస్తే సీలు పోయినట్టు. ఆపైన ఎంత ఆయిల్ పోసినా ప్లేటు మీద పోసినట్టే, గాలి తీసి లాభం లేదు.

పొడిగా ఉంటే పని మొదలుపెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. బండిలో క్లచ్ ఆయిల్ ఉండే డబ్బా మూత మీద ఏ గ్రేడు రాసి ఉంటే అదే ఆయిల్, అదీ సీలు విప్పని కొత్త డబ్బా. డాట్ 4 గ్రేడు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మన విశాఖ సముద్రపు గాలికి నిరుడు తెరిచిన డబ్బా అసలు వాడొద్దు.

బీచ్ రోడ్డు పక్కన నిలబెట్టే బండి కదా, గాలి బయటికి వదిలే నిపుల్ తుప్పు పట్టి ఉంటుంది. బ్రష్‌తో మట్టి దులుపు. ముందు రింగ్ స్పానర్ తొడిగి, ఆ తర్వాతే పారదర్శకమైన ట్యూబు బిగుతుగా ఎక్కించు. ట్యూబు నిపుల్ నుంచి కాస్త పైకి లేచి, అప్పుడు కిందికి వంగాలి. రెండో కొస సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉండాలి. నిపుల్ చుట్టూ, పక్కన బెల్ హౌసింగ్‌కి కంత ఉంటే అక్కడా పాతగుడ్డ కుక్కు. నిపుల్ తెరిచేటప్పుడు పావు తిప్పు చాలు. ఎక్కువ వదులు చేస్తే ఆయిల్ నిపుల్ మరచుట్ల గుండా కారుతుంది, అదే ప్లేటు దాకా పోయేది.

తమ్ముణ్ని సీట్లో కూర్చోబెట్టు. నెమ్మదిగా తొక్కి పట్టుకోమను, నువ్వు నిపుల్ తెరువు, బుడగ పోయాక మూసెయ్, అప్పుడే కాలు తీయమను. మూయకముందే తీస్తే గాలి వెనక్కి లాగేస్తుంది. గబగబా తొక్కనివ్వకు. నాలుగైదు సార్లకోసారి పైన బండి ఆయిల్ డబ్బా చూడు. చాలా బండ్లకి బ్రేకుకీ క్లచ్‌కీ అదే డబ్బా, ఖాళీ అయితే లైనులోకి మళ్లీ గాలి దూరుతుంది.

అయ్యాక ట్యూబులో మిగిలిన ఆయిల్ సంగతి మర్చిపోకు. కొస కిందికి వేలాడకుండా పట్టుకుని, గుడ్డ అడ్డుపెట్టి లాగు. నిపుల్ గుంటలోది కాగితంతో పీల్చి, రబ్బరు టోపీ పెట్టెయ్. ఆయిల్ బండి రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

మర్నాడు పొద్దున్న పెడల్ మళ్లీ మెత్తగా దిగితే అమ్మని సింహాచలం తీసుకెళ్లడం ఆపి నాకు ఫోన్ చెయ్. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ ఉన్నాడు.

మీ మావయ్య