తడి, పొడి చెత్త వేరు చేయమంటే నల్లగొండలో జనం ఎందుకు విసుక్కుంటారు?

విసుగు నియమం మీద కన్నా దాని అమలు మీదే ఎక్కువ. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంటి చెత్తను తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలుగా విడదీసి ఇవ్వాలన్నాయి. అయితే కూరగాయల తొక్కలు ఆకుపచ్చ బుట్టలో, అట్టపెట్టెలు నీలం బుట్టలో జాగ్రత్తగా వేసినవారు, మున్సిపాలిటీ ఆటోలో రెండూ ఒకే కుప్పగా పడటం కళ్లారా చూస్తే, ఈ శ్రమ ఎందుకనుకోవడం సహజమే. ఇరుకు అద్దె ఇళ్లలో రెండు బుట్టలకు చోటు లేదన్న మాటలోనూ నిజముంది. జరిమానా భయం మూణ్ణాళ్ల ముచ్చటే.

అలవాటు లేదన్న వాదన మాత్రం నిలవదు: పాత సామాన్ల వాళ్లకు అమ్మే పేపర్లు, సీసాలు, ఇనుము మన ఇళ్లలో ఎప్పటి నుంచో విడిగానే ఉంటున్నాయి. ప్లాస్టిక్, గాజు పెంకులు కలిసిన తడి చెత్త మంచి ఎరువు కాదు. కలిశాక దాన్ని ఏరాల్సింది పారిశుద్ధ్య కార్మికులే.